బియ్యం పళ్ళెం, లైనక్స్ సీడీ

మొన్న తెనాలిలో కొత్తగా తెరిచిన కళ్ళజోళ్ళ షోరూముకి వెళ్ళాను. లోపల ఏసీ చలి, గోడల నిండా అద్దాలు, కూర్చోగానే చేతికో కాఫీ కప్పు. తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి నా గడ్డాన్ని మిషను మీద ఆనించి, ఏదో మీట తిప్పుతూ, "ఇప్పుడు బాగుందా మేడమ్, ఇందాక బాగుందా?" అని అడిగింది.

"బియ్యం లేవా?" అన్నాను.

"ఏంటి మేడమ్?"

"బియ్యం. ఒక పళ్ళెంలో పోసి తీసుకురా. రాళ్ళున్న బియ్యమే తేవాలి సుమా."

ఆ పిల్ల మిషను పక్కనుంచి తల వంచి నన్ను చూసింది. ఈవిడకి చూపుతోపాటు ఇంకేదో కూడా తగ్గిందనుకుని ఉంటుంది. అనుకోనీ. నా చూపుని మొట్టమొదట కొలిచినాయన బియ్యంతోనే కొలిచాడు. నా కంప్యూటర్లోకి ఏ లైనక్స్ పనికొస్తుందో తేల్చినాయనా ఆయనే. రెండు పనులూ ఒకే మధ్యాహ్నం, ఒకే పళ్ళెం దగ్గర అయిపోయాయి.

ఆయన పోయి ఏళ్ళయింది. రేపల్లెలో ఆయన షాపున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఇది ఏడవటానికి రాస్తున్నది కాదు. ఆయన గుర్తొస్తే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత ఆయన దగ్గర ఓడిపోయిన వాదనలు గుర్తొస్తాయి. నేను వాదనల్లో ఓడిపోవటం అరుదు. కావాలంటే బాపట్లలో మా కాలేజీ స్టాఫ్‌రూముని అడగండి.

షాపంటే స్టేషన్ నుంచి బజారులోకి వెళ్ళే దారిలో ఒక చిన్న గది. ముందు ఫ్రేముల బీరువా, ఒక కుర్చీ, గోడకి అక్షరాల అట్ట, వెనక ఒక పచ్చ పరదా. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నెరిసిన గడ్డం, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక బుల్లి స్క్రూడ్రైవరు. గడపలో ఎవరు అడుగుపెట్టినా ఆయన ముందు మాట్లాడడు, అరచెయ్యి చాపుతాడు. వచ్చినవాళ్ళు జోడు తీసి ఆ చేతిలో పెట్టాలి. దాన్ని పసుపు గుడ్డతో తుడిచి, మరలు బిగించి, వెలుతురుకి పెట్టి చూసి తిరిగిచ్చాకే "చెప్పండి" అంటాడు. బస్సెక్కడ ఆగుతుందని అడగటానికి వచ్చినవాళ్ళ జోళ్ళూ తుడిచి పంపేవాడు. ఆయన సొంత జోడుకి మాత్రం ఒక కాడ విరిగి దారం కట్టి ఉండేది. ఎవరైనా ఎత్తి చూపితే, "నాకు కనపడుతోందిగా" అనేవాడు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాకూ చెయ్యి చాపాడు.

"నాకు జోడు లేదండి," అన్నాను.

"నలభై దాటాయా అమ్మా?"

"మీకెందుకండీ?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, అదే గుడ్డతో బీరువా అద్దం తుడుచుకున్నాడు. ఆ రోజు నేను వెళ్ళింది నా కోసం కాదు, మా అత్తగారి కోసం. ఆవిడ రేపల్లెలోనే ఉండేది. మేము తెనాల్లో. ఆదివారాలు పాసింజరెక్కి వెళ్ళి ఆవిడ దగ్గర భోంచేసి, నాలుగు మాటలు అని, నాలుగు పడి, సాయంత్రానికి వచ్చేదాన్ని.

మా అత్తగారికి చదువు రాదు. అక్షరాల అట్టకేసి చూసి, "ఏమయ్యా సాయిబూ, నేను దీన్ని చదివితే నువ్వు జోడెందుకు, ఉద్యోగమే ఇవ్వాలి," అంది.

ఆయన నవ్వి అట్ట తిప్పేశాడు. "మీరు రోజూ కళ్ళతో చేసే పనుల్లో బాగా విసిగించేది ఏదమ్మా?"

"బియ్యంలో రాళ్ళేరటం. తెనాలికి బియ్యం ఏరి పంపేది నేనే. ఒక్కటి పంటి కింద పడ్డా నా కొడుకు కోడల్ని ఏమీ అనడు, నన్నంటాడు."

ఆయన పరదా వైపు తిరిగి ఏదో అన్నాడు. వాళ్ళావిడ స్టీలు పళ్ళెంలో బియ్యం తెచ్చి పెట్టింది. అందులో రాళ్ళు ఆయనే లెక్కపెట్టి కలిపి ఉంచుకున్నవని తర్వాత తెలిసింది. మా అత్తగారి ముక్కు మీద గుండ్రటి ఇనప ఫ్రేము పెట్టి, ఒక్కొక్క అద్దం మార్చుతూ ఏరమన్నాడు. ఆవిడ ఏరుతోంది. ఆయన ఆవిడ కళ్ళకేసి కాక వేళ్ళకేసి చూస్తున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఇదేం పద్ధతండీ? ఎక్కడైనా అట్ట చూపించి పవరు రాస్తారు గానీ."

"ఇంటికెళ్ళాక అమ్మగారు అట్ట చదువుతారా, అన్నం వండుతారా?" అన్నాడు వేళ్ళ మీదనుంచి చూపు తిప్పకుండా.

నేను ఓడిపోయిన మొదటి వాదన అది.

పచ్చ పరదా వెనక కంప్యూటర్ ఉండేది. ఎవరో ఇంటర్నెట్ సెంటరు మూసేస్తుంటే కొనుక్కున్నాడు. రెండువేల ఏడో, ఎనిమిదో ఆ రోజులు. వైరస్ పట్టని పెన్‌డ్రైవు రేపల్లెలోనే కాదు, జిల్లాలోనే ఉండేది కాదు. విండోస్‌తో విసిగిపోయి, ఎవరో చెబితే లైనక్స్ సంగతి తెలుసుకున్నాడట. లైనక్స్ అనేది విండోస్ లాగా కంప్యూటర్ని నడిపేదే, కాకపోతే ఊరికే దొరుకుతుంది. కానీ అది ఒక్కటిగా ఉండదు. ఒక్కో గుంపు వాళ్ళు దాన్ని ఒక్కో రకంగా సర్ది, ఒక్కో పేరు పెట్టి ఇస్తారు. డిస్ట్రో అంటారు వాటిని. డెబియన్, ఫెడోరా, మాండ్రివా, పప్పీ, ఇట్లా వందల కొద్దీ. మొదటిసారి వినేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. ఈయనకి మాత్రం కళ్ళు మెరిశాయి. ఎందుకంటే వాటిల్లో చాలావాటికి లైవ్ సీడీ ఉండేది. సీడీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, లోపల ఉన్నదేదీ ముట్టుకోకుండా అది నడిచి చూపిస్తుంది. నచ్చకపోతే సీడీ తీసేస్తే పాతదంతా ఎప్పట్లాగే ఉంటుంది.

"ఇది నా అద్దాల పెట్టే కదమ్మా!" అన్నాడు నాతో. "ముక్కు మీద పెట్టి చూడటం, తీసి ఇంకోటి పెట్టటం. కొనకముందే చూసుకోనిచ్చేవాడు నిజాయితీ ఉన్నవాడు."

ఉబుంటు వాళ్ళు ఆ రోజుల్లో అడిగినవాళ్ళకల్లా సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవాళ్ళు. ఆయనకి అట్లా విదేశం నుంచి మొదటి కవరు వచ్చినప్పుడు పోస్ట్‌మాను దాన్ని బజారు పొడుగునా అందరికీ చూపించుకుంటూ తెచ్చాడట. సాయంత్రానికి, సాయిబు గారికి దుబాయిలో షాపు పెట్టుకోవటానికి పర్మిషన్ వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆయన కాదనలేదు. వచ్చి అడిగినవాళ్ళందరికీ తలా ఒక సీడీ ఇచ్చి పంపాడు.

ఒక్కో సీడీని ఒక్కో పసుపు గుడ్డలో చుట్టి బీరువా కింది అరలో పెట్టుకునేవాడు. గుడ్డకి గుచ్చిన కాగితం మీద డిస్ట్రో పేరు ఉండేది కాదు, అది ఎవరికి కుదిరిందో వాళ్ళ గుర్తు ఉండేది. 'భట్టిప్రోలు రిటైర్డు మాస్టారు.' 'వేమూరు ఎరువుల కొట్టు.' 'చర్చిలో కీబోర్డు వాయించే టీచరమ్మ.' కొత్తవాళ్ళు వస్తే, "మీరు కొంచెం భట్టిప్రోలు మాస్టారి తరహా," అంటూ ఆ గుడ్డ విప్పేవాడు. అంతకుముందు కళ్ళజోళ్ళ చీటీ ఒకటి తీసుకుని, 'దగ్గర' అన్న గడిలో మీరు రోజూ కంప్యూటర్ మీద చేసే పని, 'దూరం' అన్న గడిలో ఏడాదికి ఒకసారి చేసే పని రాసుకునేవాడు.

"దూరం గడే ముఖ్యమమ్మా. రోజూ చేసే పని ఎందులోనైనా ఏదో రకంగా అయిపోద్ది. ఏడాదికోసారి చేసే పని దగ్గరే అసలు సంగతి బయటపడేది."

ఇక నా గోల చెప్పాలి. నేను బాపట్లలో హిస్టరీ చెప్పేదాన్ని. రోజూ తెనాలి నుంచి రైల్లో పోయి రావటం. డెల్టా కాలవల చరిత్ర మీద పీహెచ్‌డీకి రిజిస్టరు చేసుకుని ఏళ్ళు గడిచాయి. సంగం జాగర్లమూడి దగ్గర కాలవ గట్టున నిలబడి రాసుకొచ్చిన నోట్సు, పడవలు దాటించే లాకుల పట్టికలు, మాపులు, అన్నీ మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో. దానికి నెలకోసారి వైరస్. సర్వీసు చేసే అతను వచ్చి, "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్," అని నవ్వుతూ కొట్టేసేవాడు. ఆ నవ్వులో నా మూడో అధ్యాయం ఒకసారి, పట్టికలు ఇంకోసారి పోయాయి. రెండుసార్లూ మళ్ళీ టైపు చేశాను. యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చిన ఆఖరి పొడిగింపు ఇంకో ఆరు వారాలుంది. ఈసారి పోతే రిజిస్ట్రేషనే పోతుంది. స్టాఫ్‌రూములో, "మేడమ్ గారి థీసిస్ కూడా చరిత్రలో కలిసిపోద్దేమో," అని ఒక లెక్చరర్ అన్నాడు. అతనికి నేనేం సమాధానం చెప్పానో ఇక్కడ రాయను.

అందుకని ఒక ఆదివారం పరదా ముందు నిలబడి, "నాకూ ఒక సీడీ ఇవ్వండి భాయి గారూ," అన్నాను.

"సీడీ తర్వాతమ్మా. మీ బియ్యం తెచ్చుకోండి ముందు."

"అంటే?"

"మీ పుస్తకం. మొత్తం. చిన్న ముక్క కాదు. దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని రండి. మీ మిషను ఎప్పటిదో, అందులో మెమరీ ఎంతో రాసుకుని రండి."

మరుసటి ఆదివారం పెన్‌డ్రైవుతోపాటు ఒక కంప్యూటర్ పత్రిక కూడా పట్టుకెళ్ళాను. అందులో డిస్ట్రోల పట్టిక, మార్కులు, ర్యాంకులు ఉన్నాయి. దాంతోపాటు ఒక సీడీ ఉచితం. పత్రిక ఆయన ముందు పరిచి, "నంబర్ వన్ ఇదేనట," అన్నాను.

"ఎవరికమ్మా?"

"ఎవరికేంటి? అందరికీ!"

"అందరికీ ఒకటే పవరున్న ఊళ్ళో నేను షాపెత్తెయ్యాల్సిందే," అన్నాడు. అయినా నా పత్రిక సీడీని తుడిచి మరీ పెట్టాడు.

దాని పేరు చెప్పను. ఇప్పటికీ దానికి భక్తులున్నారు, నాతో తగువుకొస్తారు. అది తెరుచుకోగానే నేను దానికి పడిపోయాను. తెర మొత్తం ఒక ఘనంలాగా గిర్రున తిరుగుతుంది. ఒక ముఖం మీద థీసిస్, ఇంకో ముఖం మీద మాపు, మూడో దాని మీద పాటలు. కిటికీ పట్టుకుని లాగితే జెల్లీలాగా ఊగుతుంది. అక్షరాలు పెద్దవి, నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. నలభై రెండేళ్ళ హిస్టరీ లెక్చరర్ని, పరదా వెనక స్టూలు మీద కూర్చుని పావుగంట సేపు ఆ పెట్టెని తిప్పుతూనే ఉన్నాను.

"ఫ్రేము బాగుందమ్మా," అన్నాడు ఆయన వెనకనుంచి. "అద్దం చూడండి. నా మిషన్లో మెమరీ మీదాని కంటే రెట్టింపు. మీ దాంట్లో ఇది ఇంత హుషారుగా తిరగదు."

తర్వాత ఒక పసుపు గుడ్డ విప్పాడు. 'భట్టిప్రోలు రిటైర్డు మాస్టారు' అని ఉంది. లోపల ఉన్నది జుబుంటు, ఉబుంటు కుటుంబంలోదే. పాత మిషన్ల కోసం బరువు తగ్గించి చేసింది. మూల మెనూ దగ్గర ఒక బుల్లి ఎలుక బొమ్మ. తిరిగేది లేదు, ఊగేది లేదు. థీసిస్ తెరిచాడు. నేను మూతి ముడిచాను.

"అక్షరాలేంటండీ, బూడిద పూసినట్టున్నాయి? అలుక్కుపోతున్నాయి."

ఆయన నాకేసి ఒకసారి, తెరకేసి ఒకసారి చూశాడు. "కొంచెం వెనక్కి జరిగి చూడండమ్మా."

జరిగాను. అక్షరాలు తేటపడ్డాయి. కానీ ఆ మాట ఎందుకు ఒప్పుకుంటాను? "తల వెనక్కి పెట్టుకుని థీసిస్ రాయమంటారా?"

"ఇది కంప్యూటర్ సంగతి కాదేమోనమ్మా…"

"అయితే నా కళ్ళ సంగతా? ఏంటండీ, సీడీ కోసం వస్తే జోడు అంటగడదామని చూస్తున్నారా?"

అనేశాను. నోరు అట్లాంటిది. ఆయన ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. పరదా అవతల గాజులు గలగలమని ఆగిపోయాయి. ఆయన ఎలుక సీడీని బయటికి తీసి, గుడ్డలో చుట్టి, కింది అరలో పెట్టేశాడు. నా పత్రిక సీడీ నా చేతికిచ్చాడు.

"తీసుకెళ్ళండమ్మా. మీ కంటికి నచ్చింది మీరు పెట్టుకోవాలి."

చీటీ కూడా ఇచ్చాడు. 'దగ్గర: టైపింగు, పట్టికలు. దూరం: మొత్తం పుస్తకం తెరిచి ప్రింటు తియ్యటం.' దూరం కింద రెండు గీతలు.

వాదన గెలిచాననుకుని రైలెక్కాను.

ఇంటికొచ్చి నేనే దాన్ని ఎక్కించాను. సర్వీసతన్ని పిలవలేదు, ఎవరి సాయమూ లేదు. అందులో అడిగినవన్నీ చదివి, నొక్కాల్సినవి నొక్కి, కూర్చున్నాను. ఎక్కింది! మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇది నిజంగా నువ్వే చేశావా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి కొంచెం విసురుగా అవునన్నాను. పక్కింటివాళ్ళకి ఘనం తిప్పి చూపించాను. స్టాఫ్‌రూములో చేత్తో గాలిలో తిప్పి చూపించాను. చరిత్రలో కలిసిపోద్దన్న లెక్చరర్ అడిగి మరీ పేరు రాసుకున్నాడు. వైరస్ లేదు. సర్వీసతను వీధిలో కనపడితే తల తిప్పుకున్నాను. ఆ నాలుగు వారాలూ నా అంత గొప్పది తెనాల్లో లేదు.

టైపు చేసేది ఒక్కో అధ్యాయం విడివిడిగానే కాబట్టి ఏమీ తెలియలేదు. అన్నీ కలిపి ఒక్క పుస్తకం చేసి తెరిచిన రోజు తెలిసింది. నూట ఎనభయ్యో పేజీ దగ్గర లాకుల పట్టికలు మొదలవుతాయి. అక్కడికి రాగానే తెర బిగుసుకుపోయేది. బాణం కదలదు. మిషను లోపల ఏదో గరగరమంటుంది. ఆపి మళ్ళీ తెరిస్తే మళ్ళీ నూట ఎనభై. ప్రింటు కొడితే ప్రింటరు ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. గడువు ఇంకా పది రోజులుంది. శుక్రవారం, శనివారం సెలవు పెట్టి కూర్చున్నాను. నూట ఎనభై దాటలేదు. చీటీ తీసి చూశాను. దూరం కింద రెండు గీతలు నన్ను చూసి నవ్వుతున్నాయి.

ఆదివారం పొద్దున్న సీపీయూని పాత దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని రేపల్లె పాసింజరులో కూర్చున్నాను. ఎదురు సీట్లో ఒకావిడ చాలాసేపు మర్యాదగా ఆగి, వేమూరు దాటాక ఆగలేక అడిగింది.

"గ్రైండరా అక్కా?"

"కాదమ్మా, కంప్యూటర్."

"పాడయిందా?"

"పొగరెక్కింది."

"ఎవరికి?" అన్నాడు ఆవిడ పక్కనున్న ముసలాయన. పెట్టెలో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

మా అత్తగారి ఇంటికి వెళ్ళి విషయం చెబితే, తన జోడు మర వదులైందంటూ ఆవిడా బయల్దేరింది. తమాషా చూడటానికని నాకు తెలుసు. షాపు గడపలో అడుగుపెట్టగానే ఆయన చెయ్యి చాపాడు. మా అత్తగారు జోడు తీసి ఇచ్చింది. నేను దుప్పటి మూట ఇచ్చాను.

"నూట ఎనభై దాటటం లేదు," అన్నాను. అంతకంటే క్షమాపణ నాకు చేతకాదు.

ఆయన ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. అత్తగారి జోడు తుడిచి, మర బిగించి ఇచ్చాడు. ముందు నా థీసిస్‌ని తన కంప్యూటర్లోకి, పెన్‌డ్రైవులోకి, ఒక ఖాళీ సీడీలోకి ఎక్కించాడు. మూడు చోట్ల ఉందని నాకు చూపించాకే కింది అరలోంచి భట్టిప్రోలు మాస్టారి గుడ్డ విప్పాడు.

"ఇది ఎక్కటానికి ముప్పావుగంట పడుద్దమ్మా. ఈలోగా ఊరికే ఎందుకు కూర్చోవటం?" అని పరదా వైపు తిరిగాడు. వాళ్ళావిడ పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. రాళ్ళున్న బియ్యం.

ఆయన ఎందుకు పెట్టించాడో నాకు అర్థం కాలేదు. పని చేయించుకుంటున్నాను కదా, పోనీలే అని ఏరటం మొదలుపెట్టాను. జాగ్రత్తగా, పద్ధతిగా, పళ్ళేన్ని చేతుల పొడుగునా దూరంగా జరుపుకుని ఏరాను. అంతా అయ్యాక ఏడు రాళ్ళు తీసి పక్కన పెట్టాను. మా అత్తగారు పళ్ళెం తనవైపు లాక్కుంది. ముక్కు మీద జోడు సర్దుకుంది. నా ఏడింటి పక్కన ఒకటి, రెండు, మూడు… పదకొండు పెట్టింది.

"ఏమ్మాయ్ లెక్చరర్ గారూ! డెబ్బై ఏళ్ళదాన్ని, నాకు కనపడినన్ని కూడా నీకు కనపళ్ళేదా? ఇన్నాళ్ళూ నా కొడుకు తిన్న రాళ్ళన్నీ నీ చేతివా? అనవసరంగా నేను మాటలు పడ్డాను!"

పరదా వెనక వాళ్ళావిడ పకపకా నవ్వింది. ఆయన స్క్రూడ్రైవరు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఎవరితో వాదించాలి? పదకొండు రాళ్ళు అక్కడ కూర్చుని ఉన్నాయి.

"నాకు చత్వారమా భాయి గారూ?" అన్నాను.

"నేనేమీ అనలేదమ్మా. అమ్మగారే తేల్చారు."

ఆ గుండ్రటి ఇనప ఫ్రేము నా ముక్కు మీద పెట్టాడు. ఒక అద్దం వేశాడు. తీశాడు. ఇంకోటి వేశాడు. ఈలోగా నా మిషన్లో ఎలుక బొమ్మ పైకొచ్చింది. థీసిస్ తెరిచి నా ముందుకు జరిపాడు. బూడిద పూసినట్టున్న అక్షరాలు కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. అలుక్కుపోవటం లేదు, వెనక్కి జరగక్కర్లేదు. ఆ ఎలుక తెర మొదటి నుంచీ తేటగానే ఉంది. దాన్ని కాదని నేను నిగనిగలాడే పెద్దక్షరాల వెంట పడింది నా కంటికి ఓపిక లేక. ఆయనకిది నాలుగు వారాల కిందటే తెలుసు. గడపలో మొదటిసారి చెయ్యి చాపిన రోజే తెలుసేమో.

పేజీలు కిందికి జరిపాను. నూట డెబ్బై. నూట ఎనభై. మా అత్తగారు కూడా ఊపిరి బిగపట్టింది, ఎందుకో ఆవిడకి తెలియకపోయినా. పట్టికలు వచ్చాయి, వెళ్ళిపోయాయి. నూట ఎనభై ఒకటి. రెండొందలు. మూడొందల పన్నెండు, ఆఖరి పేజీ. నేను ఆ ఇనప ఫ్రేముతోనే లేచి వాళ్ళావిడ దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాను.

"జోడు చేసివ్వండి భాయి గారూ. ఇప్పుడే. ఫ్రేము మీరే చూడండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. చీటీ రాసి నా చేతిలో పెట్టాడు. "నా దగ్గర కాదమ్మా. తెనాల్లో కొనుక్కోండి."

"అదేంటండీ?"

"సీడీకి వచ్చినవాళ్ళకి నేను జోడు అమ్మను. మొదట్నుంచీ అంతే. అమ్మితే, ఇచ్చిన సీడీ జోడు కోసమే ఇచ్చినట్టవుద్ది. అందుకే ఆ రోజు కూడా గట్టిగా చెప్పలేకపోయా."

చీటీ మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. నేను ఓడిన రెండో వాదనలో గెలిచింది మిషను, మూడోదాంట్లో ఈయన. కళ్ళజోళ్ళ షాపాయన దగ్గర్నుంచి, కళ్ళజోడు కొనుక్కోవటానికి పదిమంది నవ్వుల మధ్య దుప్పటి మూటతో తెనాలి రైలెక్కాను.

మర్నాడు కొత్త జోడు పెట్టుకుని ప్రింటు కొట్టాను. మా ఆయన రెండుసార్లు కాగితాల కోసం బజారుకి పరుగెత్తాడు. మూడొందల పన్నెండు పేజీలూ వచ్చాయి. ప్రింటరు దగ్గింది, కానీ ఆగలేదు. గడువుకి నాలుగు రోజుల ముందే యూనివర్సిటీలో ఇచ్చి వచ్చాను. స్టాఫ్‌రూము లెక్చరర్ అప్పటికి ఘనాన్ని తన పాత మిషన్లో తిప్పుతూ, తన పుస్తకం నూట యాభయ్యో పేజీ దగ్గర ఇరుక్కుని ఉన్నాడు. అతన్ని బియ్యం తీసుకుని రేపల్లె వెళ్ళమన్నాను. ఎగతాళి అనుకున్నాడు.

డిగ్రీ వచ్చాక బైండు చేసిన కాపీ ఒకటి ఆయనకి తీసుకెళ్ళాను. ఆయన పుస్తకం అందుకుని, అట్టని పసుపు గుడ్డతో తుడిచి, పట్టికలున్న చోట తెరిచి వెలుతురుకి పెట్టి చూశాడు. ఇంగ్లీషులో ఉన్న కాలవల చరిత్ర ఆయనకెందుకు? గీతలు వంకర పోయాయేమో చూసుకున్నాడు.

"ఎక్కడా చెదరలేదమ్మా," అని వాళ్ళావిడకి చూపించాడు. అప్పుడు నేను ముందు పేజీల్లో కృతజ్ఞతలున్న చోటు తీసి వేలు పెట్టాను. అందులో ఆయన పేరుంది. ఊరుంది. గైడు దాన్ని తీసెయ్యమన్నాడు, కాలవల చరిత్రలో కళ్ళజోళ్ళాయనేంటని. ఆ వాదన నేను గెలిచాను.

ఆయన ఆ పేరుకేసి చాలాసేపు చూశాడు. దారం కట్టిన జోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "పేరెందుకమ్మా," అన్నాడు చివరికి. "కనపడింది, చాలుగా." కానీ పుస్తకం తిరిగివ్వలేదు. పసుపు గుడ్డలో చుట్టి, సీడీల అరలో, భట్టిప్రోలు మాస్టారి పక్కన పెట్టుకున్నాడు. గుడ్డకి కాగితం గుచ్చి ఏదో రాశాడు. వంగి చదివాను. 'పదకొండు రాళ్ళ మేడమ్ గారు.'

షోరూములో తెల్లకోటు అమ్మాయి బియ్యం తేలేదు పాపం. నిగనిగలాడే ఫ్రేములు నాలుగు తెచ్చింది. నేను బ్యాగులోంచి ఒక లైబ్రరీ పుస్తకం తీసి, దాంట్లో కింద ఉండే బుల్లి అక్షరాలు చదువుతానని కూర్చున్నాను. ఒక గంట కూర్చున్నాను. ఇది రాస్తున్నది అట్లా ఎంచుకుని కొన్న జోడుతోనే, ఎలుక బొమ్మ ఉన్న కంప్యూటర్ మీదే. మిషను మూడుసార్లు మారింది, ఎలుక మారలేదు.

పేరెందుకన్నాడు కాబట్టి ఆయన పేరు ఇక్కడ రాయలేదు. అంతగా తెలుసుకోవాలనుకునేవాళ్ళు యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళి నా థీసిస్ తీయించుకోండి. మొదటి అట్ట తర్వాత నాలుగో పేజీ. అక్షరాలు చిన్నవి. నలభై దాటినవాళ్ళు జోడు మర్చిపోకుండా తీసుకెళ్ళండి, నాతో మాత్రం వాదించకండి.